కంప్యూటరుకు పోస్టింగైన డ్రైవరు

ఓబులేసుకు ఉద్యోగం వచ్చిందన్న కబురు అందేసరికి అతను సోమందేపల్లి దగ్గర రోడ్డు పక్కన ఆపిన టమాటా లారీ కింద దూరి బోల్టు బిగిస్తున్నాడు. ఫోను చేసింది వేణుమాధవ్. ధర్మవరంలో ఆఫీసులకు మనుషుల్ని కుదిర్చే ఏజెన్సీ అతనిది.

"ఓబులేసన్నా, గవర్నమెంటు ఆఫీసులో డ్రైవరు పోస్టు. రేపే జాయిన్ కావల్ల. నీకు హెవీ లైసెన్సు ఉండాది కదా?"

"ఉండాది. ఏం బండి?"

వేణుమాధవ్ కాగితం వెతికి కూడబలుక్కుంటూ చదివాడు. "నెట్‌వర్క్ అడాప్టర్ డ్రైవర్, బ్రాకెట్లో డాస్ అని రాసినారు."

"డాస్ అంటే ఏం బండప్పా? నేను యాడా చూడ్లేదే."

"దోస్తు బండి అయ్యుంటాదిలే, సరుకులేసే చిన్న ట్రక్కు. టైపు కొట్టినోడు సరిగ్గా కొట్టలేదు."

"మరి ఆ నెట్‌వర్కు?"

"మూడు ఊర్లు తిరగల్ల కదా. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. దాన్నే నెట్‌వర్కంటారు."

ఓబులేసుకు సబబుగానే తోచింది. లారీ స్టీరింగు పట్టుకుని నడుము పట్టేసిన మనిషి. బెంగళూరు మార్కెట్లో సరుకు దించి, తిరుగు లోడు కోసం క్యాబిన్లోనే కాపురం చేసిన మనిషి. దోస్తు బండి అతనికి బొమ్మతో సమానం. భార్య తిమ్మక్క ఆ సాయంత్రం అతని ఖాకీ చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసింది. "ఆపీసులో కూర్చోను కుర్చీ ఇస్తారా?" అని మాత్రం అడిగింది. ఇస్తారని ఓబులేసు ధీమాగా చెప్పాడు.

ఆ పోస్టు ఎలా పుట్టిందో అతనికి చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు. పట్టునేతగాళ్ళకు డిజైన్లు తయారుచేసి ఇచ్చే సంస్థ ఒకటుంది. దానికి మూడు కేంద్రాలు. పెనుకొండ కేంద్రంలో సుబ్బన్న అనే డిజైనరు కంప్యూటరులో అంచులూ కొంగులూ గీస్తాడు. ధర్మవరంలోనూ హిందూపురంలోనూ ఉన్న యంత్రాలు ఆ బొమ్మల ప్రకారం అట్టలకు చిల్లులు కొడతాయి. ఆ అట్టల దండను మగ్గం మీదికి ఎక్కిస్తే ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో మగ్గానికి తెలుస్తుంది. యంత్రాలు పాతవి, వాటిని నడిపే కంప్యూటర్లు ఇంకా పాతవి. తెర తెరిస్తే నల్లటి నలుపు మీద తెల్లటి అక్షరాలు. డాస్ అనే ఆ పాత పద్ధతిలో తప్ప ఆ యంత్రాలు మాట వినవు. మారుద్దామంటే యంత్రం చేసిన కంపెనీయే మూతపడింది.

ఆ మూడు కేంద్రాలనూ వైరుతో కలిపితే డిజైన్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి వాటంతటవే పోతాయని సంస్థకు ఆలోచన వచ్చింది. హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపే సుధకు ఆ పని అప్పజెప్పారు. ఆమె మూడు ఊర్లూ తిరిగి చూసి, పుట్టపర్తిలోని పెద్దాఫీసుకు రాసింది: "మూడు కేంద్రాల్లోనూ నెట్‌వర్క్ కార్డులు ఉన్నాయి. డ్రైవర్లు లేవు. డ్రైవర్లు లేనిదే కార్డులు పనిచేయవు."

ఆ కాగితం సూపరింటెండెంటు మంజునాథ్ బల్ల మీదికి వచ్చింది. ఆయన భాషాభిమాని. "డ్రైవర్లు లేవు" అన్నచోట ఎర్రసిరాతో "లేవు" కొట్టేసి "లేరు" అని దిద్దాడు. మనుషుల గురించి రాసేటప్పుడు ఆపాటి మర్యాద ఉండాలని పక్కన చిన్న వ్యాఖ్య కూడా రాశాడు. దిద్దిన కాగితం పైకి పోయింది. ముగ్గురు డ్రైవర్లు దండగనీ, పొదుపు కోసం మూడు కేంద్రాలకూ కలిపి ఒక్కరు చాలనీ పైవాళ్ళు తేల్చారు. అలా ఓబులేసు పుట్టాడు.

*

ధర్మవరం కేంద్రం మేనేజరు శివప్రసాద్ ఓబులేసు తెచ్చిన ఉత్తర్వు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. లోపలి గదిలో సుధ కంప్యూటరు మూత విప్పి కూర్చుని ఉంది.

"సుధమ్మా, నువ్వడిగిన డ్రైవరు వచ్చినాడు."

"వచ్చింది అనండి సార్," ఆమె లోపలినుంచే అరిచింది. "దేంట్లో వచ్చింది? ఫ్లాపీలోనా, మెయిల్లోనా?"

"బస్సులో వచ్చినాడు."

సుధ చేతిలో స్క్రూడ్రైవరుతోనే బయటికి వచ్చింది. ఓబులేసును చూసింది, మేనేజరు చేతిలోని కాగితం తీసుకుని చదివింది. తర్వాత గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇస్త్రీ మడత చెదరని చొక్కాలో, చేతిసంచీ గుండెకు అదుముకుని నిలబడ్డ మనిషి ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"నిన్ను చూసి కాదన్నా నవ్వింది. కంప్యూటర్లో ఒక కార్డు పెడితే, దాంతో ఎట్ల మాట్లాడల్లో కంప్యూటరుకు చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటుంటాది. దాన్ని డ్రైవరంటారు. కొత్త కంప్యూటర్లయితే అవే వెతుక్కుంటాయి. ఈ డాస్‌వి వెతుక్కోవు, మనమే తెచ్చి పెట్టల్ల."

"అంటే నేను?"

"నువ్వు మనిషివి."

"అది నాకూ తెలుసు గదమ్మా. ఉద్యోగం సంగతి అడుగుతాండా."

సుధ శివప్రసాద్ వైపు చూసింది. శివప్రసాద్ ఫ్యాను వైపు చూశాడు. ఆయనకు చెడ్డతనం లేదు, భయం మాత్రం ఉంది. "ఇతన్ని వెనక్కి పంపితే ఎందుకు పంపినావంటారు. పొరపాటు జరిగిందని రాయల్ల. పొరపాటు ఎవరిదంటారు. మంజునాథ్ సారు పేరు నేను రాయల్లనా? రాసినాక నా బతుకేం కావల్ల?" అని తనకు తానే చెప్పుకుని, చివరికి ఓబులేసు చేత హాజరు పుస్తకంలో సంతకం పెట్టించాడు. తర్వాత అతన్ని కంప్యూటరు పక్కన నిటారుగా నిలబెట్టి ఫోటో తీసి, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "డ్రైవర్ అందెను. ఇన్‌స్టాల్ చేయబడెను."

పుట్టపర్తి నుంచి చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

"ఇన్‌స్టాలంటే ఏంది సారూ?" ఓబులేసు అడిగాడు.

శివప్రసాద్ కాస్త ఆలోచించాడు. "కూర్చోమని," అని కంప్యూటరు పక్కనున్న కుర్చీ చూపించాడు.

ఓబులేసు కూర్చున్నాడు. మరుసటి రోజూ కూర్చున్నాడు. మంచినీళ్ళు తెచ్చాడు, కరెంటు పోతే కిటికీ తెరిచాడు, వస్తే మూశాడు. పొద్దున కంప్యూటరు వేయగానే నల్లటి తెర మీద ఏదో ఒక వరుస వచ్చి ఆగిపోతుండేది. అదేమిటని ఒకసారి సుధను అడిగాడు.

"డ్రైవరు లోడు కాలేదు అంటాండాది," అంది సుధ.

"ఈడే ఉండాను గదమ్మా," అన్నాడు ఓబులేసు కుర్చీలోంచి. సరదాకు అన్నమాటే గాని, అన్నాక అతనికే మనసులో ఎక్కడో కలుక్కుమంది.

ఇంటికి పోతే తిమ్మక్క బండి ఎలా ఉందని అడుగుతోంది. ఇంకా రాలేదని చెబుతున్నాడు. పక్కింటివాళ్ళు అడిగితే మాత్రం తిమ్మక్కే అందుకుని, మా ఆయన ఆపీసులో కంప్యూటరు పక్కనే కూర్చుంటాడని చెబుతోంది. ఆ మాటలో ఆమె గొంతు ఎంత పైకి పోయేదో వింటే ఓబులేసుకు అన్నం సహించేది కాదు.

*

పుట్టపర్తి ఆఫీసు గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో ఒక్కో కేంద్రానికి ఒక్కో చుక్క. పని జరిగితే పచ్చచుక్క, లేకపోతే ఎర్రచుక్క. డ్రైవరు ఇన్‌స్టాల్ అయ్యాక కూడా మూడు చుక్కలూ ఎర్రగానే ఉండడం మంజునాథ్‌కు నచ్చలేదు. మెమో వచ్చింది. డ్రైవరు విధుల్లో చేరినప్పటికీ మూడు కేంద్రాల మధ్య ఒక్క డిజైను కూడా కదలనందున, దీన్ని సదరు డ్రైవరు నిర్లక్ష్యంగా ఎందుకు భావించరాదో తెలపాలని దాని సారాంశం.

శివప్రసాద్ చదివి వినిపిస్తుంటే ఓబులేసు ముఖం జేవురించింది. లారీ తోలిన ఇన్నేళ్ళలో వానొచ్చినా, బందు జరిగినా అతను సరుకు చేర్చకుండా వెనక్కి వచ్చిన పాపాన పోలేదు.

"సారూ, సరుకేందో, యాడుండాదో, యాడికి చేర్చల్లో చెప్పండి. చేరుస్తా. కూర్చోమంటే కూర్చున్యా గాని నాకు పని రాక కాదు."

"సరుకు పెనుకొండలో సుబ్బన్న కంప్యూటర్లో ఉండాది," అని నీరసంగా అన్నాడు శివప్రసాద్. "బొమ్మలప్పా. చేత్తో పట్టుకునేటివి కావు."

"ఎందుకు కావు?" సుధ అందుకుంది. "ఫ్లాపీలో ఎక్కిస్తే పట్టుకోవచ్చు. సుబ్బన్న కాడ ఇంకా నాలుగు పనిచేసేవి ఉన్నట్లుండాది. మోసుకొచ్చే అటెండరు రిటైరయినాడని కదా అన్నీ ఆగింది."

ఓబులేసు ఆ పూటే పెనుకొండ బస్సెక్కాడు. సుబ్బన్న కొండ కింద పాత కట్టడంలో, మేడ మీది గదిలో ఉంటాడు. బొమ్మలు గీసీ గీసీ మెడ ఒకవైపుకు వాలిపోయిన మనిషి. తన గీతలు కాలు కదిపి బయటికి పోయి ఎన్నాళ్ళయిందో అని విసుక్కుంటూనే, అరచేతిలో ఇమిడే నల్లటి పలకల్లో డిజైన్లు ఎక్కించి ఇచ్చాడు. అయస్కాంతం దగ్గరికి పోతే లోపలి బొమ్మలు చెరిగిపోతాయని సుధ ముందే హెచ్చరించి ఉంది. ఓబులేసు వాటిని తిమ్మక్క టిఫినుకు చుట్టి ఇచ్చిన మెత్తటి గుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

బస్సులో ఒకతను పెళ్ళికి తీసుకుపోతున్న పెద్ద మైకు బాక్సు తెచ్చి సరిగ్గా అతని మోకాళ్ళ దగ్గరే దించాడు.

"ఏమబ్బా, ఆ పెట్టె అవతల పెట్టు. నా కాడ అంచులుండాయి."

"ఏం అంచులు?"

"పట్టుచీర అంచులు. నీ పెట్టె తగిలితే చెరిగిపోతాయి."

మైకతను టిఫిను డబ్బా వంక, ఓబులేసు వంక చూసి, బాక్సును ఎత్తుకుని డ్రైవరు పక్కకు పోయాడు.

అలా డిజైన్లు కదిలాయి. ధర్మవరంలో అట్టలు టకటకా చిల్లులు పడ్డాయి. హిందూపురంలోనూ పడ్డాయి. డిజైను అందినప్పుడల్లా మేనేజర్లు ఫోనులో ఒక బొత్తాం నొక్కితే పుట్టపర్తి తెర మీద చుక్క పచ్చబడుతుంది. అది వైరులో వచ్చిందా, బస్సులో వచ్చిందా అని ఆ బొత్తాం అడగదు. కలెక్టరాఫీసు సమావేశంలో మంజునాథ్ లేచి నిలబడి, ఒకే ఒక్క డ్రైవరుతో మూడు కేంద్రాల్ని అనుసంధానం చేసిన సంస్థ తమదేనని చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చాడు.

ఓబులేసు మాత్రం ఆ పనిలో ఇంకోటి కూడా మోయడం మొదలుపెట్టాడు. ధర్మవరంలో కుళ్ళాయమ్మ అని ఒక నేతగత్తె ఉంది. మగ్గం గుంటలో కూర్చుని వీధంతా వినబడేలా మాట్లాడుతుంది. అట్టలు తీసుకుపోయిన కొన్నాళ్ళకు ఆమె కేంద్రానికి వచ్చి, నేసిన అంచు ముక్కను ఓబులేసు ముందు పరిచింది.

"ఇదేంది చూడు ఓబులేసూ! ఆ పెనుకొండ మారాజుకు చెప్పు. నెమలి మెడ ఇరిగి పోయినట్లుండాది. పెండ్లిచీర మీద మెడ ఇరిగిన నెమలిని యాడన్నా చూసినావా?"

"యాడ ఇరిగిందక్కా? నాకు తెలీదు, సరిగ్గా చూపించు. పోయి చెప్పల్ల కదా."

ఆమె తన మెడను ఒక పక్కకు వంచి, గడ్డం ముందుకు పెట్టి చూపించింది. ఓబులేసు పెనుకొండ పోయి, సుబ్బన్న ముందు నిలబడి అలాగే మెడ వంచి, గడ్డం ముందుకు పెట్టాడు.

సుబ్బన్నకు మండింది. "నువ్వు నాకు డిజైను నేర్పిస్తావా? లారీ తోలేటోనివి నీకేం తెలుసప్పా?"

"నాకేమీ తెలీదు సుబ్బన్నా. ఆయమ్మ ఎట్ల వంచిందో అట్ల వంచినా. తిట్లు గూడా చెప్పింది గాని, అవి చెప్పేదా వద్దా?"

సుబ్బన్న కాసేపు గొణిగాడు. తర్వాత తెర మీద నెమలి మెడ చుక్కలు సరిచేశాడు. అంతకుముందు అతని డిజైన్లు నేసినవాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పిన నాథుడు లేడు. తిట్టించుకున్న రోజు అతను మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవాడని అక్కడి స్వీపరు దాసమ్మ చెప్పింది.

*

ఈలోగా సుధ తన పని మానలేదు. ఆ కార్డులు తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఎక్కడో ఏ దేశంలోనో పాత కంప్యూటర్ల పిచ్చివాడొకడు తన సైట్లో ఇలాంటి ప్రోగ్రాములన్నీ దాచిపెట్టాడు. దాంట్లో దొరికింది. ముందు పెనుకొండలో వేసి, ఒక ఉదయం ఆమె దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకుని ధర్మవరం వచ్చింది. ఓబులేసు స్టూలు జరిపి, టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

మూడు చోట్లా కంప్యూటర్లలో ఇంతకుముందు ఎవరో వేరే కార్డుకు సంబంధించిన డ్రైవరు పెట్టి పోయారు. పొద్దున్నే తెర మీద వచ్చే గొడవంతా దానిదే. సుధ దాని పేరు మార్చి ఒక పక్కన దాచి, కొత్తది వేసింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే, కార్డు దొరికిందని తెర చెప్పింది. కానీ చిల్లులు కొట్టే యంత్రం మొరాయించింది.

"ఇద్దరూ ఒకే గంట కొడతాండారన్నా," అని సుధ వివరించింది. "కార్డు పిలిచినా అదే గంట, మిషను పిలిచినా అదే గంట. ఎవరు పిలిచినారో తెలీక కంప్యూటరు నిలబడిపోతాండాది. కార్డుకు వేరే గంట ఇయ్యల్ల."

వేరే గంట ఇచ్చింది. ఈసారి యంత్రం కదిలింది గాని, దాన్ని నడిపే ప్రోగ్రాము మెమరీలో జాగా చాలదని మూలిగింది. కొత్త డ్రైవరు వాకిట్లోనే కాళ్ళు చాపుకుని కూర్చుందనీ, దాన్ని మిద్దె మీదికి ఎక్కించాలనీ ఆమె ఇంకేవో వరుసలు కొట్టింది. సాయంత్రానికి తెర మీద సుబ్బన్న గీసిన మామిడిపిందె ఒకటి మెల్లగా, వరుస వెంట వరుసగా దిగివచ్చింది. ఫోనులో సుబ్బన్న చిన్నపిల్లాడిలా అరిచాడు. "వచ్చిందా? తోకతో సహా వచ్చిందా?"

అందరితోపాటు ఓబులేసూ చప్పట్లు కొట్టాడు. టార్చి ఆర్పుతుంటే గాని అతనికి తట్టలేదు, రేపటినుంచి తనకు పెనుకొండ పోయే పని లేదని.

హిందూపురం కంప్యూటరు కూడా పూర్తిచేసి, సుధ పెద్దాఫీసుకు రిపోర్టు పంపింది. పనిమంతురాలు, ఉన్నదున్నట్లు రాసింది: "పాత డ్రైవర్‌ను తొలగించి కొత్తది వేశాం. పాత డ్రైవర్ వల్లే ఇంతకాలం మెషీన్ ఆగిపోతూ వచ్చింది. కొత్త డ్రైవర్ తక్కువ జాగాలో ఇమిడి, వేగంగా పనిచేస్తోంది."

జవాబు వెంటనే వచ్చింది. పాత డ్రైవర్ శ్రీ ఓబులేసు తొలగింపును పెద్దాఫీసు ధ్రువీకరించింది. ఇంతకాలం మెషీన్ ఆపినందుకు తీవ్రంగా మందలించింది. కొత్త డ్రైవర్ లైసెన్సు జిరాక్సు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలూ పంపాలని కోరింది.

శివప్రసాద్ ఆ కాగితాన్ని ఓబులేసు చేతికి ఇవ్వలేక బల్ల మీద పెట్టి పక్కకు చూశాడు. తనవంతుగా మంచి సర్టిఫికెట్ ఇస్తానని, "వీరు పనిచేసిన కాలంలో ఎటువంటి వైరస్ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ఓబులేసు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లారీ ఓనరుకు ఫోను చేద్దామని నంబరు తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

సంగతి తెలిసిన సుధ హిందూపురం నుంచి ఫోనులోనే ఏడ్చినంత పని చేసింది. "నేను రాసిన మాటే కదన్నా నీ మీద పడింది! పుట్టపర్తికి పోదాం పా. నేనే చెబుతా."

*

పుట్టపర్తిలో ఉపసంచాలకురాలు లక్ష్మీదేవిని కలవడానికి పది రోజులు పట్టింది. ఆమె వాళ్ళ మాట మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి మాత్రం పెదవి కొరుక్కుంది. అది నవ్వు ఆపుకోవడానికో కోపం ఆపుకోవడానికో ఓబులేసుకు అర్థం కాలేదు. విన్నాక ఆమె తలుపు వేయించి, మంజునాథ్‌ను పిలిపించింది.

"లేవును లేరు చేసింది మీరేనా?"

"భాషాదోషం కదా మేడమ్, సరిచేసినా," అన్నాడు మంజునాథ్ వినయంగా.

ఆమె గ్లాసెడు నీళ్ళు తాగి ఓబులేసు వైపు తిరిగింది. "నువ్వు ఆడ నిజంగా ఏం పని చేస్తాండావు?"

"బొమ్మలు మోస్తాంటినమ్మా. ఇప్పుడు వైరు మోస్తాండాది. ఇంగ నేతోళ్ళు ఏం బాగలేదంటే ఆ మాట పెనుకొండకు మోస్తాంటి."

"ఆ మాటలు వైరులో పోవా?"

"పోవు మేడమ్," అంది సుధ. "డిజైన్లు ఇటుకు వస్తాయి. అటుకు పోయేదానికి ఈ పాత మిషన్లలో ఏమీ లేదు. నేతోళ్ళకు కంప్యూటరు ముట్టుకునే పనే లేదు కదా."

లక్ష్మీదేవి కలం తీసింది, మళ్ళీ ఆగింది. ఎవరూ అడగని మనిషిని పంపామని రాస్తే సంతకాలు పెట్టినవాళ్ళందరూ జవాబు చెప్పాలి. అందులో ఆమె సంతకం కూడా ఉంది. అందుకని పేరు రాయకుండా, కారణం రాయకుండా, ఎవరి మీదా పడకుండా రెండే వాక్యాలు రాసింది: "పొరపాటున తొలగించిన పాత డ్రైవర్‌ను మూడు కేంద్రాల్లోనూ వెంటనే పునరుద్ధరించవలెను. పాత డ్రైవర్ పనితీరు సంతృప్తికరం."

ఓబులేసు ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తిరుగు బస్సులో సుధ చిక్కీ కొనిపెట్టింది. మర్నాడు తిమ్మక్క మళ్ళీ ఇస్త్రీపెట్టె వేడిచేసింది.

కానీ ఉత్తర్వు అతనికన్నా ముందే ధర్మవరం చేరింది. శివప్రసాద్ ఇప్పుడు పాత శివప్రసాద్ కాదు. జరిగినదానికి సిగ్గుపడి, ఆ పది రోజుల్లో సెలవు పెట్టి అనంతపురంలో కంప్యూటరు శిక్షణకు పోయి వచ్చాడు. డ్రైవరంటే ప్రోగ్రామని పక్కాగా నేర్చుకున్నాడు. ఉత్తర్వు చదవగానే ఈసారి మోసపోనని గట్టిగా అనుకుని, కంప్యూటరు ముందు తానే కూర్చున్నాడు. సుధ ఒక పక్కన దాచి ఉంచిన పాత డ్రైవరును వెతికి పట్టుకుని, దాన్ని వెనక్కి తెచ్చి, కొత్తదాన్ని తీసేశాడు. ఫోను చేసి పెనుకొండలోనూ హిందూపురంలోనూ అదే చేయించాడు. మూడు చోట్లా పని ఆగిపోయింది.

ఓబులేసు పోయేసరికి ఆయన చెమటలు కక్కుతూ నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకు వచ్చినావప్పా?"

"ఆర్డరు వచ్చింది కద సారూ. పాత డ్రైవర్ని పెట్టుకోమని."

"పెట్టుకున్యా! అది నువ్వు కాదప్పా. డ్రైవరంటే ప్రోగ్రాము. నీకు తెలీదు."

ప్రోగ్రాము గురించి రాసింది మనిషి గురించి అనుకున్నప్పుడు ఓబులేసు ఉద్యోగం ఊడింది. ఇప్పుడు మనిషి గురించి రాసింది ప్రోగ్రాము గురించి అనుకున్నందుకు మళ్ళీ ఊడుతోంది. గుమ్మం పక్కన కుళ్ళాయమ్మ సగం చిల్లులు పడిన అట్టల దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. శ్రావణమాసం పెళ్ళిచీర మగ్గం మీద ఆగిపోయింది. ఇచ్చినమాట ప్రకారం చీర అందకపోతే, పురమాయించిన షావుకారు మళ్ళీ తన గడప తొక్కడని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

మధ్యాహ్నానికి సుధ వచ్చింది. జరిగింది చూసి తల పట్టుకుంది. తర్వాత ఓబులేసును వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించింది.

"అన్నా, దీన్ని బాగుచేసేది నాకు ఎంతోసేపు పట్టదు. కానీ ఇట్లే వదిలేస్తే మళ్ళా ఫ్లాపీలే గతి. ఫ్లాపీలు మోయను నువ్వే కావల్ల. మంజునాథ్ సారు రేపే నిన్ను పిలుస్తాడు. నీ ఇష్టం. నేను చేతకాలేదని చెప్పి పోతా."

ఓబులేసు వీధిలోకి చూశాడు. నూలు కండెలు మోసుకుపోతున్న ఆటో ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. దాని డ్రైవరు దిగి అందర్నీ తిడుతున్నాడు. లోపల కుళ్ళాయమ్మ దగ్గు వినబడింది.

"బాగుచెయ్యి తల్లీ. సరుకు నడిమధ్య ఆపి నా సంగతి తేల్చమనేది నాకు అలవాటు లేదు."

"ఉద్యోగం?"

"లారీ యాడికీ పోలేదు లే."

సుధ లోపలికి పోయి కంప్యూటరు ముందు కూర్చుంది. శివప్రసాద్ అడ్డం వచ్చాడు. "కొత్తది మళ్ళా వేస్తే ఆర్డరుకు ఎదురు పోయినట్లు కాదా? పాతది పెట్టమన్నారు!"

సుధ కీబోర్డు మీద చేతులు అలాగే ఆపింది. ఆమెకు అప్పుడే ఏదో తట్టినట్లుంది.

"పెట్టమన్నారు సార్. కొత్తదాన్ని తీసేయమని రాయలేదు కదా?"

"రాయలేదు."

"ఐతే రెండూ ఉండనీండి. కొత్తది లోపలుంటాది. పాతది ఈడ నిలబడి ఉండాడు, చూడండి. మేడమ్ రాసిన పాత డ్రైవరు ఈయప్పే. ఫోను చేసి అడగండి."

శివప్రసాద్ అడగలేదు. అడిగితే పొద్దున తాను చేసిన ఘనకార్యం గురించి చెప్పుకోవాలి. ఆయన హాజరు పుస్తకం తెరిచి, ఓబులేసు వైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చాడు. ఆ వారం సమీక్షలో రెండు డ్రైవర్లు ఒకేచోట ఉంటే తగాదా రాదా అని మంజునాథ్ అడిగాడట. అంతలోనే నాలుక కరుచుకుని, "రెండు కాదు, ఇద్దరు" అని తనను తాను దిద్దుకున్నాడట.

"లేదు సార్," అన్నాడు శివప్రసాద్. "ఒకటి లోపల, ఒకరు బయట. ఇద్దరికీ వేరే వేరే గంటలు ఇచ్చినాం."

కుళ్ళాయమ్మ చీర శ్రావణానికి అందింది. ఆమె ఊరుకోలేదు. ఆ తర్వాత వచ్చిన డిజైనులో హంసలు బాతుల్లా నడుస్తున్నాయని పంచాయితీ పెట్టింది. ఓబులేసు పెనుకొండ పోయి, సుబ్బన్న గదిలో చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె నడిచి చూపించినట్లే అటూ ఇటూ నడిచాడు. దాసమ్మ చీపురు పక్కన పెట్టి చూసింది.

"నువ్వు ఇంతదూరం రావల్లనా?" సుబ్బన్న కసిరాడు. "అంత పెద్ద వైరు వేసినారు కదా, దాంట్లో పంపమని చెప్పు."

"సుధమ్మను అడిగినా సుబ్బన్నా. బొమ్మలు పోతాయంట గాని తిట్లు పోవంట. ఇంగ రెండు మిగిలినాయి, వింటావా?"

సుబ్బన్న కుర్చీ అతని వైపు తిప్పాడు.